ధనుష్కోటి ఒక్క తుపానుకే పోయిందా? ఆ రైలు ఊరి గురించి తెలిసినవాళ్లు రాయండి

మీటర్‌గేజ్ మనిషి (రాయపురం)

రామేశ్వరం ట్రిప్ చర్చలో ఒకరు ధనుష్కోటిని దెయ్యాల ఊరు అన్నారు, ఆ కింద వచ్చినవాళ్లందరూ అదే మాట పట్టుకున్నారు. నాకు చాలా కష్టంగా అనిపించింది, అందుకే విడిగా ఈ చర్చ మొదలుపెడుతున్నా. అక్కడ 1,800 మంది దాకా చనిపోయారని అంచనా. దాన్ని రీల్స్‌లో భయపెట్టే మ్యూజిక్ పెట్టి చూపించడం ఏం బాలేదు.

అసలు అది రైలు కోసం పుట్టిన ఊరు. 1914కి ముందు మద్రాసు నుంచి కొలంబో పోవాలంటే రైల్లో తూత్తుకుడి దాకా వెళ్లి అక్కడ ఓడ ఎక్కి సముద్రం మీద చాలా దూరం పోవాల్సి వచ్చేది. సౌత్ ఇండియన్ రైల్వే వాళ్లు పాంబన్ దగ్గర సముద్రం మీద వంతెన వేసి 1914 ఫిబ్రవరి 24న తెరిచారు, దాంతో పట్టాలు రామేశ్వరం దీవిలోకి వచ్చేశాయి, ఆ దీవి తూర్పు కొస ధనుష్కోటి. అక్కడి నుంచి అవతల లంకలోని తలైమన్నార్ 30 కిలోమీటర్లు ఉంటుందేమో, అంతే. మన ఎగ్మోర్ స్టేషన్లో బోట్ మెయిల్ రైలు ఎక్కితే ధనుష్కోటి రేవులో దిగి అక్కడే స్టీమర్ ఎక్కి తలైమన్నార్‌లో దిగి మళ్లీ రైలెక్కి కొలంబో ఫోర్ట్ చేరేవాళ్లు, మొత్తానికీ ఒకటే టికెట్టు. ఎగ్మోర్ కౌంటర్లో కొలంబోకి టికెట్ ఇచ్చేవాళ్లు అంటే ఇప్పుడు ఎవరైనా నమ్ముతారా?

ఇంకో సంగతి, అప్పట్లో మెయిన్ లైన్ అంటే పాంబన్ నుంచి ధనుష్కోటికి పోయేదే, రామేశ్వరానికి పోయేది బ్రాంచి. ఇప్పుడు మనం చూసేదానికి పూర్తిగా తిరగేసి ఉండేదన్నమాట. ఆ కొసన స్టేషను, కస్టమ్స్ ఆఫీసు, పోర్టు ఆఫీసు, పోస్టాఫీసు, చిన్న రైల్వే ఆసుపత్రి, బడి, చర్చి, సత్రాలు, హోటళ్లు, బట్టల షాపులు అన్నీ ఉండేవి. రెండు వైపులా సముద్రం ఉన్న ఇసుక పట్టీ మీద ఇదంతా లేచిందంటే కారణం ఒక్కటే, రైలు అక్కడ ఆగి ఓడకి జనాన్ని అప్పజెప్పేది.

ఇక్కడ పాత రైల్వే వాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లు ఆ దారిలో పోయినవాళ్లు ఉంటే రాయండి ప్లీజ్.

తాంబరం అక్క

మంచి పని చేశావ్ తమ్ముడూ. మా అమ్మమ్మ వాళ్లది నెల్లూరు జిల్లా, వాళ్ల ఇంట్లో కాశీ రామేశ్వరం మాట లేకుండా ఏ పెద్దాయన కబురూ నడిచేది కాదు. రామేశ్వరంలో స్వామిని చూసి వచ్చేస్తే సరిపోదు, ధనుష్కోటిలో సేతు స్నానం చేసి ఆ ఇసుక కాశీకి తీసుకెళ్లి గంగలో కలిపి, అక్కడి గంగ తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేస్తేనే యాత్ర అయినట్టు. అంటే మనవాళ్లకి ధనుష్కోటి ఓడరేవు కాదు, సేతువు.

మనవైపు నుంచి వచ్చేవాళ్లు సెంట్రల్‌లో దిగి ఎగ్మోర్‌కి మారాల్సిందే, ఎందుకంటే సెంట్రల్‌ది పెద్ద పట్టా, ఎగ్మోర్‌ది చిన్న పట్టా, ఒకదాని మీద నడిచే బండి రెండోదాని మీద నడవదు కదా. ఆ మధ్యలో జట్కాలో మూటలు, ఇత్తడి చెంబులు, ముసలివాళ్లు, పిల్లలు అందరూ. మా అమ్మమ్మ ఆ జట్కా ప్రయాణం గురించి చెప్పినంత రామేశ్వరం గుడి గురించి కూడా చెప్పేది కాదు, జట్కావాడు ఎంత అడిగాడో తాతయ్య ఎంత ఇచ్చాడో అన్నీ.

పెరంబూర్ రిటైర్డ్

నమస్కారం. నేను రైల్వేలో చేరేసరికి ధనుష్కోటి లైను లేదు, కానీ మాకు పని నేర్పిన పెద్దవాళ్లలో ఆ సెక్షన్ తెలిసినవాళ్లు ఉండేవాళ్లు. తుపాను గురించి నెట్‌లో కలగాపులగంగా రాస్తున్నారు కాబట్టి గట్టిగా తెలిసినవి మాత్రం చెప్తాను.

1964 డిసెంబరు మూడో వారంలో దక్షిణ అండమాన్ దగ్గర పుట్టిన వాయుగుండం బలపడి సిలోన్ (ఇప్పటి శ్రీలంక) మీదుగా వచ్చి 22 రాత్రి తెల్లవారితే 23 అనగా దీవిని కొట్టింది. ఉప్పెన 7 మీటర్ల ఎత్తు లేచిందని లెక్క, అంటే రెండంతస్తుల మేడ మీదికి వచ్చినట్టు. ఆ రాత్రి పాంబన్ నుంచి ధనుష్కోటికి బయలుదేరిన 653 నంబరు ప్యాసింజరు ఊరు ఇంకా కొంచెం దూరం ఉందనగా నీళ్లలో కలిసిపోయింది. రికార్డులో 110 మంది ప్రయాణికులు, 5గురు సిబ్బంది. ఒక్కరు కూడా మిగల్లేదు. టికెట్ లేనివాళ్లని కలిపితే ఇంకా ఎక్కువే ఉంటారని పెద్దవాళ్లు అనేవాళ్లు.

బండి ఊరి దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ పనిచెయ్యలేదని, డ్రైవరు కొంతసేపు ఆపి చూసి, విజిల్ వేసుకుంటూ ముందుకు కదిపాడని చెప్తారు. దీని మీద యూట్యూబ్‌లో డ్రైవర్‌ని తప్పుబడుతూ మాట్లాడేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చిమ్మచీకటి, టెలిగ్రాఫు తీగలు తెగిపోయాయి, గాలికి ఇసుక కళ్లలో కొడుతుంది, వెనక పెట్టెల్లో జనం, ముందు స్టేషను ఉందో లేదో తెలీదు. నిలబడ్డా సముద్రమే, కదిలినా సముద్రమే. ఆయన చేతిలో ఏముంది చెప్పండి.

కొళత్తూర్ కుర్రాడు

సార్ నాదొక డౌట్. పాంబన్ వంతెన కూడా అదే తుపానులో పోయిందిగా, దాన్ని 46 రోజుల్లో బాగుచేశారని అందరూ గొప్పగా చెప్తారు. మరి అంత పెద్ద వంతెనే లేపినవాళ్లకి పాంబన్ నుంచి ధనుష్కోటి దాకా నేల మీద పట్టాలు వెయ్యడం ఎంత పని? ఎందుకు వదిలేశారు? అంటే ఊరిని చంపింది తుపానా, లేక ఆ నిర్ణయమా?

మీటర్‌గేజ్ మనిషి (రాయపురం)

ఇదే బ్రదర్ నేను అడగాలనుకున్నది! టైటిల్‌లో ప్రశ్న పెట్టింది కూడా ఇందుకే.

తుపాను ఇళ్లని తీసుకుపోయింది నిజమే. కానీ తుపాను కొట్టిన ఊళ్లు చాలా ఉన్నాయి, మళ్లీ లేచాయి కూడా. ధనుష్కోటి లేవకపోవడానికి కారణం రైలు తిరిగి రాకపోవడం. మద్రాసు ప్రభుత్వం ఆ చోటు మనుషులు ఉండటానికి పనికిరాదని ప్రకటించింది, రైల్వే లైను వెయ్యలేదు, ఓడ రామేశ్వరానికి మార్చేశారు. స్టేషను, కస్టమ్స్, పోర్టు లేకపోతే ఆ ఇసుకలో హోటలు ఎవరు పెడతారు, బట్టల షాపు ఎవరికోసం తెరుస్తారు? ఒక్క రాత్రిలో ఊరు కూలింది కానీ ఊరు లేకుండా పోయింది మాత్రం ఆ తర్వాత కాగితాల మీద.

పెరంబూర్ రిటైర్డ్

బాబూ, నీ ప్రశ్న సరైనదే, కానీ వంతెనకీ ఆ లైనుకీ పోలిక లేదు.

వంతెనలో స్తంభాల మధ్య 145 స్పాన్లుంటే 126 గర్డర్లు, అంటే ఇనుప దూలాలు, సముద్రంలో పడ్డాయి. కానీ నీళ్లలో కట్టిన స్తంభాలు చాలావరకు నిలిచాయి, ఓడలకోసం తెరుచుకునే మధ్య భాగం, దాన్ని షెర్జర్ స్పాన్ అంటాం, అది కూడా నిలిచింది. కాళ్లు గట్టిగా ఉన్నాయి కాబట్టి పైన గర్డర్లు ఎక్కించగలిగారు. రైల్వే మొదట ఆరు నెలలు గడువు అనుకుంది, తర్వాత మూడు నెలలకి కుదించారు, ఆ పని చూసిన ఇంజనీరు శ్రీధరన్ గారు 46 రోజుల్లో ముగించారు. అప్పటికి ఆయనకి 32 ఏళ్లు. సముద్రం అడుగున పడ్డ గర్డర్లు ఎక్కడున్నాయో వెతికించి, పైకి తీయించి, వాటినే మళ్లీ బిగించారు. కొత్తవి తయారై వచ్చేదాకా ఆగి ఉంటే అయ్యే పని కాదు. ఆ శ్రీధరన్ గారు ఇంజనీరింగ్ చదివింది మన కాకినాడ కాలేజీలోనే, ఇది మన పిల్లలకి చెప్పుకోవాల్సిన మాట.

ధనుష్కోటి వైపు సంగతి అది కాదు. అక్కడ పట్టాల కింద ఉన్న నేలే పోయింది. పట్టా కొట్టుకుపోతే పట్టా వేస్తాం, కట్ట కోసుకుపోతే మట్టి పోస్తాం, కానీ రెండు వైపుల నుంచి సముద్రం తినేసే ఇసుక మీద కట్ట వేసి దాన్ని ప్రతి వానాకాలం కాపాడుకోవాలంటే ఏటా ఒక యుద్ధమే. రామేశ్వరం దాకా లైను ఎలాగూ ఉంది, ఓడని అక్కడికే మార్చితే పని జరిగిపోతుంది అనుకున్నారు. నేను ఆ కుర్చీలో ఉన్నా బహుశా అదే సంతకం పెట్టేవాణ్ణి, చెప్పడానికి బాధగానే ఉంది.

వేళచ్చేరి దివిసీమ

పెద్దాయన మాటే నా మాట. మాది దివిసీమ, 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మా ఇంట్లో ఎప్పుడూ పూర్తిగా మాట్లాడుకోరు, సగంలో ఆపేస్తారు. నాన్నకి ఇప్పటికీ రాత్రి గాలి గట్టిగా వీస్తే నిద్ర పట్టదు, వేళచ్చేరిలో మూడో అంతస్తులో ఉన్నా సరే లేచి కూర్చుంటాడు.

అందుకే మీటర్‌గేజ్ అన్నా, ఊరిని మళ్లీ కట్టాల్సింది అని మీరు అంటుంటే నాకు గుండెల్లో దడగా ఉంది. మా వైపు కనీసం వెనక్కి పరిగెత్తడానికి నేల ఉంది. ధనుష్కోటిలో ఉప్పెన వస్తే ఎటు పరిగెత్తుతారు? ఇటు బంగాళాఖాతం, అటు మన్నార్ సింధుశాఖ, మధ్యలో ఇసుక. మళ్లీ అక్కడ పది వేలమందిని పెట్టి మళ్లీ ఒక డిసెంబరు వచ్చి ఉంటే? ఊరు పోతే పోయింది, మనుషులు బతకాలి.

మీటర్‌గేజ్ మనిషి (రాయపురం)

దివిసీమ తమ్ముడూ, నీ బాధ నాకు అర్థమవుతోంది, ఆ రోజున మీవాళ్లు పడినదాని ముందు నేను వాదించేదేమీ లేదు. నేను అనేది వేరు. అక్కడ ఉండకూడదు అని ప్రకటించారు సరే, కానీ చేపలు పట్టుకునే కుటుంబాలు వెళ్లలేదు కదా, వాళ్లకి ఆ సముద్రమే బతుకు. ప్రకటన కాగితం మీద ఉంది కాబట్టి వాళ్లకి కరెంటు లేదు, కుళాయి లేదు, రోడ్డు లేదు, అలా ఎన్ని దశాబ్దాలు. ఉద్యోగులకి ట్రాన్స్‌ఫర్ ఉంటుంది, వలకి ట్రాన్స్‌ఫర్ ఉండదు. మనుషుల్ని కాపాడటానికి ఊరు తీసేశాం అంటే, ఆ మనుషులకి వేరేచోట సముద్రం దగ్గర్లో బతుకు చూపించి తీసెయ్యాలి. అది చెయ్యకుండా ఊరు లేదు అని రాసేస్తే ఎవరిని కాపాడినట్టు?

తాంబరం అక్క

ఇది నేను కళ్లారా చూశాను. రోడ్డు పడకముందు మేము వెళ్లినప్పుడు మామూలు బండ్లు ముకుందరాయర్ సత్రం దగ్గరే ఆగిపోయేవి, అక్కడి నుంచి ఇసుకలో నీళ్లలో పడుతూ లేస్తూ పోయే పాత వ్యాన్లు ఎక్కాలి. అక్కడ ఒకావిడ నీళ్లు పట్టడం చూశా. సముద్రానికి కొంచెం ఎడంగా ఇసుకలో గుంట తవ్వి ఉంది, మోకాళ్ల మీద కూర్చుని చేత్తో ఇసుక పక్కకి తోస్తూ ఉంది, అడుగున నీళ్లు మెల్లిగా ఊరుతున్నాయి. కొబ్బరి చిప్పతో కొంచెం కొంచెం తీసి బిందెలో పోస్తోంది. తొందరపడి లోతుగా తవ్వితే ఉప్పు నీళ్లు వచ్చేస్తాయట, అందుకని ఊరినంతే తీసుకోవాలి, ఆగాలి, మళ్లీ తీసుకోవాలి. నాకు తాగమని ఇచ్చింది, తియ్యగా ఉన్నాయి, అంత సముద్రం మధ్యలో.

మాతో వచ్చినవాళ్లు అటు చర్చి దగ్గర సెల్ఫీలు తీసుకుంటున్నారు, ఆవిడ ఇటు బిందె నింపుకుంటోంది. దెయ్యాల ఊరంట. ఆ బిందె ఎత్తుకుని పోయినావిడ ఎవరు మరి?

టీనగర్ పంతులమ్మ

అందరూ తుపాను చుట్టూనే మాట్లాడుతున్నారు, నేను ఓడ వైపు నుంచి ఒక మాట చెప్తాను. ఆ ఊరు బతికింది యాత్రికుల మీద మాత్రమే కాదండీ. సిలోన్ తేయాకు తోటలకి ఇటు నుంచి వెళ్లిన కూలీలు ఈ దారిలోనే పోయేవాళ్లు. వాళ్లని మండపం క్యాంపులో ఆపి, రోగాలు లేవని చూసి, అప్పుడు ఓడ ఎక్కించేవాళ్లు, ఆ క్యాంపు నడిపింది సిలోన్ ప్రభుత్వమే. మొదటి తరగతిలో దొరలు, వ్యాపారులు, మూడో తరగతిలో మూటలతో కూలీలు, అందరికీ రేవు ఒకటే.

స్వాతంత్ర్యం వచ్చాక రెండూ రెండు దేశాలు, పాస్‌పోర్టులు, వీసాలు వచ్చాయి, వెళ్లేవాళ్లు తగ్గారు. 1964 అక్టోబరు 30న సిరిమావో–శాస్త్రి ఒప్పందం మీద సంతకాలయ్యాయి, సిలోన్‌లో ఉన్న భారత సంతతి వాళ్లలో 5,25,000 మందిని ఇండియా తీసుకోవాలి, 3 లక్షల మందికి సిలోన్ పౌరసత్వం ఇవ్వాలి అని. ఒప్పందానికీ తుపానుకీ మధ్య రెండు నెలలు కూడా లేవు చూడండి. అంటే అటు పంపించడానికి కట్టిన దారి, ఇక జనాన్ని వెనక్కి తెచ్చే దారిగా మారబోతున్న సమయానికి రేవే పోయింది. తిరిగొచ్చినవాళ్లు తర్వాత రామేశ్వరంలో దిగారు, రామానుజం అనే ఓడలో. తోటల్లో పుట్టి పెరిగి, ఎప్పుడూ చూడని ఊరికి సొంతవాళ్లుగా వచ్చారు వాళ్లు. ఆ ఓడ కూడా 1980లలో లంకలో యుద్ధం మొదలయ్యాక ఆగిపోయింది.

కాబట్టి నా ఉద్దేశం, తుపాను రాకపోయినా ధనుష్కోటి ఇంకో ఇరవై ఏళ్లకి మించి అలాగే ఉండేది కాదు. ఓడ ఆగిపోతే ఆ ఊరికి ఇంకేం మిగిలేది?

మీటర్‌గేజ్ మనిషి (రాయపురం)

పంతులమ్మ గారూ, మండపం క్యాంపు సంగతి రాసినందుకు చాలా థ్యాంక్స్, బోట్ మెయిల్ అనగానే అందరూ డైనింగ్ కార్, తెల్లదొరలు అని రాస్తారు, మూడో తరగతి గురించి ఎవరూ రాయరు.

కానీ మీ చివరి మాట ఒప్పుకోలేను. ఓడ ఆగినా సేతు స్నానం ఆగదు కదా. రామేశ్వరం ఓడ ఆగాక చచ్చిపోయిందా? చిన్న ఊరిగా అయినా మిగిలేది, స్టేషన్ దగ్గర నాలుగు టీ కొట్లు, ఒక బడి, ఒక నర్సు. అది చిన్న విషయం కాదు అక్కడుండేవాళ్లకి.

పెరంబూర్ రిటైర్డ్

యుద్ధం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, అవతల తలైమన్నార్ లైను కూడా యుద్ధంలో నాశనమైపోతే మన రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్ వాళ్లు వెళ్లి తిరిగి వేశారు, 2015 మార్చిలో అక్కడికి మళ్లీ రైళ్లు మొదలయ్యాయి. ఇటు మనకి రామేశ్వరంతోనే సరి.

ఇంకోటి, అబ్దుల్ కలాం గారు చిన్నప్పటి సంగతుల్లో చెప్పారు, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో రామేశ్వరంలో రైలు ఆగడం మానేశారు, పేపర్ కట్టల్ని రామేశ్వరానికీ ధనుష్కోటికీ మధ్య కదులుతున్న బండిలోంచి విసిరేసేవాళ్లు, వాటిని పట్టుకోవడానికి వాళ్ల బంధువుకి సాయం చేసి ఆయన మొదటి సంపాదన సంపాదించారు. ఆ బండి ధనుష్కోటికి పోయే మెయిలే. రామేశ్వరంలో ఆగకపోయినా ధనుష్కోటికి మాత్రం పోవాల్సిందే, అదీ ఆ రోజుల్లో ఆ ఊరి స్థాయి.

కొళత్తూర్ కుర్రాడు

సార్ 2019లో ధనుష్కోటికి మళ్లీ రైలు అని శంకుస్థాపన చేశారు కదా, దాని సంగతేంటి? అది వస్తే బాగుంటుందా మీ ఉద్దేశంలో?

పెరంబూర్ రిటైర్డ్

చేశారు బాబూ, 2019 మార్చిలో, రామేశ్వరం నుంచి 17 కిలోమీటర్ల పైచిలుకు లైను. రైలు మాత్రం రాలేదు. పాంబన్ కొత్త వంతెన 2025 శ్రీరామనవమి రోజు తెరిచారు, పాతదానిలా రెండు రెక్కలు తెరుచుకోవడం కాదు, 72.5 మీటర్ల ముక్క మొత్తం నిట్టనిలువునా లిఫ్టులా పైకి లేస్తుంది. పాతది తెరవాలంటే రెండు వైపులా మనుషులు నిలబడి చేత్తో తిప్పాలి, ఇది బటన్ మీద. కానీ దాన్ని దాటాక ఇప్పటికీ రామేశ్వరమే చివరి స్టేషను.

నా ఉద్దేశం అడిగావు. పగటిపూట రోజుకి ఒకటి రెండు బండ్లు, గాలి పెరిగితే ఆపేసే పద్ధతి, రాత్రి అక్కడ బండి గానీ మనిషి గానీ ఉండకుండా చూసుకుంటే లైను నడపొచ్చు. పాంబన్ పాత వంతెన మీద గాలి గంటకి 58 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ ఎర్రగా పడిపోయే ఏర్పాటు ఉండేది కదా, అలాంటిదే. ఇంజనీరింగ్‌గా కుదురుతుంది. కట్టాలా వద్దా అన్నది వేరే ప్రశ్న.

వేళచ్చేరి దివిసీమ

వద్దు అంటాను నేను. 2017లో ధనుష్కోటి చివరి కొస అరిచల్‌మునై దాకా రోడ్డు వచ్చింది, అది చాలు. పైగా అక్కడ చలికాలంలో ఫ్లెమింగోలు దిగుతాయి, మన పులికాట్‌కి వచ్చినట్టే, 2025లో తమిళనాడు ప్రభుత్వం అక్కడ వాటికోసం అభయారణ్యం కూడా ప్రకటించింది. తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డు అది. రైలు కట్ట కోసం మట్టి పోసి రాళ్లు పోస్తే అవన్నీ ఎక్కడికి పోతాయి? ఆ డబ్బుతో ఆ అక్క చెప్పిన బిందెకి ఒక కుళాయి, పిల్లలకి బడి, తుపాను వస్తే ఎక్కి నిలబడటానికి ఒక గట్టి షెల్టరు కట్టమనండి. మా వైపు 77 తర్వాత కట్టిన షెల్టర్లే తర్వాతి తుపాన్లలో జనాన్ని నిలబెట్టాయి.

మీటర్‌గేజ్ మనిషి (రాయపురం)

షెల్టరు విషయంలో నూటికి నూరు పాళ్లు నీతో ఉన్నా తమ్ముడూ. రైలు కన్నా ముందు అది. రైలు పిచ్చివాణ్ణి అయి ఉండి ఈ మాట అంటున్నా, ముందు షెల్టరు, ముందు నీళ్లు.

తాంబరం అక్క

నేనూ అంతే.

కొళత్తూర్ కుర్రాడు

వచ్చే నెల ఫ్రెండ్స్‌తో వెళ్తున్నాం, బోట్ మెయిల్ బుక్ అయింది. ఇదంతా చదివాక ఊరికే బీచ్ చూసి రావాలనిపించట్లేదు. ఏం చూడాలో చెప్పండి అన్నా.

మీటర్‌గేజ్ మనిషి (రాయపురం)

పొద్దున్నే వెళ్లండి, సాయంత్రం అయిదు దాటితే లోపలికి వదలరు, ఉన్నవాళ్లని కూడా పంపించేస్తారు. చాలామంది నేరుగా అరిచల్‌మునై దాకా పోయి అశోక స్తంభం దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. మీరు మధ్యలో దిగండి. చర్చి గోడ దగ్గరికి వెళ్లి చూడు, అది ఇటుక కాదు, పగడపు రాయి. దగ్గరగా చూస్తే రాయి మీద పూలలాగా, తేనెపట్టులాగా గళ్లు కనిపిస్తాయి, అవి పగడపు పురుగులు కట్టుకున్న ఇళ్లే. దయచేసి గోకకండి, ముక్కలు తీసుకోకండి, ఇప్పటికే ఉప్పు గాలికి రాలిపోతున్నాయి. తర్వాత స్టేషన్ మిగులు, నీళ్ల ట్యాంకు మిగులు. బస్టాండు దగ్గర తుపానులో పోయినవాళ్ల స్మారకం ఉంది, అక్కడ ఒక్క నిమిషం ఆగండి. వచ్చేటప్పుడు కోదండరామస్వామి గుడి, 64 తుపానుకి తట్టుకుని నిలిచింది అదే.

అక్కడ చేపలు, గవ్వలు అమ్మేవాళ్ల దగ్గర ఏదైనా కొనండి, బేరం ఆడొద్దు. పెద్దవాళ్లెవరైనా మాట్లాడటానికి ఇష్టపడితే కూర్చుని వినండి, కెమెరా లోపల పెట్టేసి.

టీనగర్ పంతులమ్మ

వాళ్లు చెప్పింది వాళ్ల అనుమతితో రాసుకుని రా నాయనా. ఆ రాత్రిని చూసినవాళ్లు ఇప్పుడు చాలా కొద్దిమందే ఉంటారు.

పెరంబూర్ రిటైర్డ్

స్టేషన్ దగ్గర గోడకి ఏ వైపు సముద్రం ఉందో తెలిసేలా నాలుగు దిక్కులా ఫోటోలు తీసి ఇక్కడ పెట్టు బాబూ. నా దగ్గర పాత లైను గీసిన కాగితం ఒకటి ఉంది, ప్లాట్‌ఫారం ఎటు ఉండేదో, రేవుకి పోయే పట్టా ఎటు తిరిగేదో పోల్చి చూద్దాం. వెళ్లేటప్పుడు పాంబన్ దగ్గర పక్కకి చూడు, అక్కడి పాత వంతెన మీద రైళ్లు 2022 డిసెంబరులో ఆగిపోయాయి. అది ఇంకా కనిపిస్తే దాన్నీ తీసుకో, షెర్జర్ స్పాన్ స్పష్టంగా పడేలా. మిగతా అనుమానాలుంటే వెళ్లేముందు ఇక్కడే అడుగు, రోజూ చూస్తుంటాను.